కారల్లం, పుట్టగొడుగు: రెండు పేర్ల చరిత్ర

పరిచయం

చంద్రగిరి పేరు ఈ కోర్సులో మీకు ఇదివరకే పరిచయమైంది. రెండవ వేంకటపతి రాయల కాలంలో (1586–1614) అది ఆరవీటి వంశానికి రాజధాని. 1639లో ఫ్రాన్సిస్ డే సంపాదించిన మద్రాసు దానపత్రం గురించి చదివినప్పుడు కూడా ఈ ఊరి ప్రస్తావన వచ్చింది. రాజమహల్, రాణీమహల్ ఫోటోలు మీరు చూసే ఉంటారు. వీటి చరిత్ర రాయడానికి మనకు శాసనాలున్నాయి, దానపత్రాలున్నాయి, రాతిగోడలున్నాయి. ఈ పాఠంలో కోట గోడ దాటి బయటికి వెళ్దాం. గోడలు లేని, శాసనాలు లేని రెండు జీవుల చరిత్రను వాటి పేర్ల ఆధారంగా చదువుదాం.

మొదటిది కారల్లం. దీన్నే కుందేటి కొమ్ములు అని కూడా అంటారు. కాండంలో నీరు దాచుకునే రసభరిత మొక్క ఇది. రెండోది చెదపుట్ట మీద వానాకాలంలో కొద్ది రోజులు మాత్రమే కనిపించే పుట్టగొడుగు. ఒకటి మొక్క, మరొకటి శిలీంధ్రం. జీవశాస్త్ర విద్యార్థి ఈ రెండింటినీ ఒకే చోట పెట్టి పోల్చడు. చరిత్ర విద్యార్థికి మాత్రం ఈ పోలిక పనికొస్తుంది. కారల్లానికి ఉన్న తెలుగు పేరు సుమారు రెండు వందల ఏళ్ల కిందటే ప్రపంచ వృక్షశాస్త్రంలోకి ఎక్కింది. పుట్టగొడుగుకు ఉన్న తెలుగు పేరు ఎక్కలేదు. ఎందుకు? ఈ పాఠం మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. చదవడం పూర్తయ్యాక, ఒక పేరును చారిత్రక ఆధారంగా ఎంతవరకు వాడుకోవచ్చో, ఎక్కడ ఆగాలో మీరు చెప్పగలగాలి.

రెండు జీవులు, ఒకే కరువు

చంద్రగిరి చుట్టూ ఉన్నది వాననీడ నేల. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే కనిపిస్తుంది. శేషాచలం పాదాల దగ్గర ఉన్న రాళ్ల గుట్టల మీద బొమ్మజెముడు, నాగజెముడు, నల్లేరు వంటివి బతుకుతాయి. కారల్లం కూడా అలాంటి చోటే, చాలాసార్లు ఏదో ఒక ముళ్ల పొద నీడన, రాళ్ల సందుల్లో ఉంటుంది. జానెడు నుంచి మూరెడు ఎత్తు పెరుగుతుంది. కాండం నాలుగు పలకలుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆకులు పేరుకు మాత్రమే ఉంటాయి, అవీ త్వరగా రాలిపోతాయి. ఆకు చేయాల్సిన పని ఆకుపచ్చటి కాండమే చేస్తుంది. పగటి ఎండకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకోవడం దీని పద్ధతి. పూలు చిన్నవి, ముదురు రంగువి. వాటి మీద వాలేవి ఎక్కువగా ఈగలు.

'కుందేటి కొమ్ము' అంటే మన వాడుకలో ఎక్కడా లేనిదని అర్థం. అసాధ్యమైన పనిని చెప్పడానికి శతక కవులు సైతం ఆ మాట వాడుకున్నారు. అదే పేరుతో ఒక మొక్క గుట్ట మీద పచ్చగా నిలబడి ఉండటం తెలుగువాళ్ల చమత్కారమే అనుకోవాలి.

ఇక పుట్టగొడుగు సంగతి. మనకు పైన కనిపించే గొడుగు ఆ జీవిలో చిన్న భాగం మాత్రమే. అసలు జీవి పుట్ట లోపల ఉంటుంది. చెదలు ఎండుగడ్డి, కట్టె, రాలిన ఆకులు నమిలి తెచ్చి, పుట్ట లోపల స్పంజిలాంటి గూళ్లు కడతాయి. ఆ గూళ్ల మీద తెల్లటి బూజులా శిలీంధ్రం పెరుగుతుంది. కట్టెలోని గట్టి పదార్థాన్ని చెదలు సొంతంగా పూర్తిగా అరిగించుకోలేవు. ఆ పనిలో శిలీంధ్రం తోడ్పడుతుంది. చెదలు దాన్ని తింటాయి, దాన్నే పెంచుతాయి. ఒక రకంగా చెప్పాలంటే ఇది వ్యవసాయమే. మనిషి నాగలి పట్టడానికి కోట్ల సంవత్సరాల ముందే ఆఫ్రికాలో మొదలైన వ్యవసాయం. మంచి వాన పడి నేల నానినప్పుడు, లోపలి గూటి నుంచి పొడవాటి వేరులాంటి కాడతో గొడుగు పైకి తోసుకొస్తుంది. రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది.

కరువు నేలలో బతకడానికి ఇవి రెండు వేర్వేరు దారులు. కారల్లం నీటిని తన ఒంట్లోనే దాచుకుంది. పుట్టగొడుగు చెదలు తడి ఆరకుండా కాపాడే ఇంట్లో చేరింది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. ఒకటి ఏడాది పొడవునా కంటికి కనిపిస్తుంది, రెండోది ఏడాదిలో కొద్ది రోజులే. ఎవరి పేరు కాగితం ఎక్కిందన్న విషయంలో ఈ తేడాకు పాత్ర ఉంది.

కారల్లం లండన్ చేరిన దారి

18వ శతాబ్దం చివరి భాగానికి వెళ్దాం. ఈస్టిండియా కంపెనీకి అప్పుడు మొక్కల మీద ఆసక్తి పెరుగుతోంది. రంగులు, కలప, ఔషధాలు, నీలిమందు, మిరియాలు: దేని నుంచి డబ్బు వస్తుందో వెతకాలి. ఆ పనికి కంపెనీ ఎంచుకున్నది ఎక్కువగా తన వైద్యులనే. మందుల కోసం వైద్యులు వృక్షశాస్త్రం చదివేవారు కాబట్టి అది సహజమే.

వీరిలో మొదట చెప్పుకోవలసినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. స్వీడన్‌లో లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. 1768లో డేనిష్ వారి స్థావరమైన తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. 1774లో ఆర్కాటు నవాబు కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా చేరాడు. ఆ కాలంలో చంద్రగిరి ఆర్కాటు నవాబుల రాజ్యంలోనిదే. 1778 నుంచి కంపెనీ కొలువులో ఉన్నాడు. 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో చనిపోయాడు. ఆయన రాతప్రతులు లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి.

కోనిగ్ చివరి రోజుల్లో ఆయన దగ్గర ఉన్నవాడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండ్ వైద్యుడు. 1776లో మద్రాసు కొలువులో చేరి, 1781 నుంచి గోదావరి జిల్లాలోని సామర్లకోటలో పనిచేశాడు. అక్కడ ఒక తోట వేసి, ఆ ప్రాంతపు మొక్కలను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. దాదాపు 500 చిత్రాలు లండన్‌కు పంపితే, వాటిలోంచి 300 ఏరి 'కోరమండల్ తీరపు మొక్కలు' అన్న మూడు సంపుటాల గ్రంథంగా 1795 నుంచి 1820 వరకు అచ్చు వేశారు. రాక్స్‌బర్గ్ 1793లోనే కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లిపోయాడు. పుస్తకానికి ముడిసరుకు మాత్రం తెలుగు నేలది.

ఆ మొదటి సంపుటంలో మన మొక్క ఉంది. రాక్స్‌బర్గ్ దానికి పెట్టిన పేరు స్టాపీలియా అడ్సెండెన్స్. ఆ రోజుల్లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చే స్టాపీలియా మొక్కల మీద యూరప్‌లో పెద్ద మోజు ఉండేది. మాంసం కుళ్లిన వాసన వచ్చే పూలు, ఆకులు లేని కాండాలు అక్కడి తోటల యజమానులకు వింతగా తోచేవి. ఫ్రాన్సిస్ మాసన్ వాటి మీద ఒక బొమ్మల పుస్తకమే 1796లో మొదలుపెట్టాడు. కోరమండల్ మొక్క ఆ ఆఫ్రికా మొక్కలకు చుట్టమే అని రాక్స్‌బర్గ్ గుర్తించాడు. లాటిన్ పేరుతో పాటు, తెలుగువారు దీన్ని 'కార్-అల్లం' అంటారని కూడా రాసిపెట్టాడు.

ఆ చిన్న నమోదు లేకపోతే ఈ పాఠం లేదు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే మరో స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు జిల్లేడు చుట్టాలన్నింటినీ తిరిగి వర్గీకరించాడు. కోరమండల్ మొక్క స్టాపీలియాలో ఇమడదని తేల్చి, దానికి వేరే ప్రజాతి ఏర్పాటు చేశాడు. పేరు కోసం ఎక్కడికీ పోలేదు. రాక్స్‌బర్గ్ పుటలో ఉన్న తెలుగు మాటకే లాటిన్ తోక తగిలించి కారల్లుమా అన్నాడు. మన మొక్క అప్పటి నుంచి కారల్లుమా అడ్సెండెన్స్. ఈ ప్రజాతి పేరుతో తర్వాత ఆఫ్రికా, అరేబియా మొక్కలను కూడా పిలిచారు. ఏ తెలుగువాడూ చూడని ఎడారి మొక్కలకు తెలుగు పేరు తగిలింది.

ఇలాంటిది ఇదొక్కటే కాదు. సోమిద చెట్టు పేరు మీద 1830లో సోయ్మిడా అన్న ప్రజాతి ఏర్పడింది. అయినా ఇలాంటి ఉదాహరణలు తక్కువే. ఎక్కువ మొక్కలకు దొరల పేర్లే దక్కాయి. తిరుమల కొండల్లో పెరిగే పేరీతకు 1883లో పెట్టిన శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమై. అందులో ఉన్నది కర్నల్ బెడ్డోమ్ పేరు, కొండ పేరు కాదు, అక్కడి జనం మాటా కాదు.

ఇక 'కారల్లం' మాట అర్థం సంగతి. దీన్ని అరబ్బీ మాటల నుంచి వచ్చిందని, పుండు లేదా గాయం అన్న అర్థమని చెప్పే వాదన ఒకటి ప్రచారంలో ఉంది. పూల వాసనను బట్టి అలా ఊహించారు. మీరు దీన్ని ఎలా పరీక్షిస్తారు? మొదటి నమోదు ఎక్కడుందో చూడాలి. అది తెలుగు నేల మీద పనిచేసిన మనిషి పుస్తకంలో, తెలుగు మాట అన్న స్పష్టమైన గుర్తింపుతో ఉంది. అరబ్బీ వాదన దాని తర్వాతిది. తెలుగులో కారడవి, కారుచిచ్చు, కారెనుము వంటి మాటలున్నాయి. అడవిదని చెప్పడానికి 'కారు' ముందు చేరుతుంది. ఆ లెక్కన కారల్లం అంటే అడవి అల్లం కావచ్చు. ఇక్కడ జాగ్రత్త: మాట తెలుగుదన్నది ఆధారం ఉన్న విషయం. దాని అర్థం అడవి అల్లమన్నది మన అన్వయం. రాక్స్‌బర్గ్ అర్థం రాయలేదు. పరీక్షలో ఈ రెండింటినీ ఒకే గొంతుతో రాయకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: కారల్లుమా అన్న పేరు ఏర్పడటంలో రాక్స్‌బర్గ్ పాత్ర ఏమిటి, బ్రౌన్ పాత్ర ఏమిటి? ఆరు వాక్యాల్లో రాయండి.

పుట్ట దగ్గరే ఉండిపోయిన పేరు

ఇప్పుడు 'పుట్టగొడుగు' మాటను విడదీయండి. పుట్ట, గొడుగు. ఈ మాటను మనం ఎంత అలవాటుగా వాడతామంటే, లోపల పుట్ట ఉన్నదన్న సంగతే మరిచిపోతాం. షెడ్డులో వరిగడ్డి మీద పెంచినదీ, సూపర్‌మార్కెట్ డబ్బాలో ఉన్నదీ మనకు పుట్టగొడుగే. కోచింగ్ సెంటర్లు వెలిసినా 'పుట్టగొడుగుల్లా' అంటాం. కానీ ఆ మాట పుట్టిన రోజున దానికి కచ్చితమైన అర్థం ఉంది: పుట్ట మీద మొలిచే గొడుగు. చాలా ప్రాంతాల్లో వినిపించే పుట్టకొక్కు కూడా పుట్టను వదల్లేదు. పక్కనున్న తమిళంలోనూ దీన్ని పుట్టతో కలిపే పుట్రు కాళాన్ అంటారు. తినకూడని వాటికి కుక్కగొడుగు అని వేరే పేరు పెట్టుకున్నారు. అంటే పేర్లలోనే ఒక వర్గీకరణ ఉంది: ఎక్కడ మొలుస్తుంది, తినవచ్చా, కూడదా.

శాస్త్రం ఇదే సంగతి దగ్గరికి ఎలా వచ్చిందో చూడండి. మొదటి అడుగు మన కోనిగ్‌దే. ఆయన తంజావూరు ప్రాంతంలో చెదపుట్టలు తవ్వించి చూసి, 1779లో జర్మన్ భాషలో ఒక వ్యాసం అచ్చు వేయించాడు. పుట్ట లోపలి గూళ్లను, వాటి మీది శిలీంధ్రాన్ని అందులో వర్ణించాడు. రెక్కల చెదలను, అంటే ఉసిళ్లను, జనం పట్టి తింటారని కూడా రాశాడు. ఆఫ్రికా చెదల మీద స్మీత్‌మన్ రాసిన ప్రసిద్ధ వ్యాసం రెండేళ్ల తర్వాతది, 1781 నాటిది.

ఇక్కడి నుంచి కథ నత్తనడక నడిచింది. 1847లో ఇంగ్లండ్‌లో కూర్చున్న బర్క్‌లీ, సింహళం నుంచి వచ్చిన ఒక పుట్టగొడుగు నమూనాకు అగారికస్ యూరైజస్ అని పేరు పెట్టాడు. యూరైజస్ అంటే మంచి వేరున్నదని అర్థం. ఆయన ముందున్న నమూనాలో పొడవాటి కాడ కనిపించింది, పేరు దాన్నే పట్టుకుంది. ఆ వేరు కిందికి పోయి ఎక్కడ ఆగుతుందో నమూనా చెప్పలేదు. 1906లో సింహళంలోని పెరదెనియలో టామ్ పెచ్ చెదల గూళ్ల శిలీంధ్రాల మీద పెద్ద వ్యాసం రాశాడు. చివరికి 1942లో ఫ్రాన్స్‌కు చెందిన రోజర్ హైమ్ వీటన్నింటినీ ఒక ప్రజాతిగా చేర్చి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. ఆ మాటకు అర్థం చెద-శిలీంధ్రం. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ 1979లో దక్షిణ భారతం నుంచి ఒక కొత్త జాతిని వర్ణించి, హైమ్ గౌరవార్థం టెర్మిటోమైసిస్ హైమియై అన్నాడు.

1779 నుంచి 1942 వరకు లెక్క వేసుకోండి. నూట అరవై మూడేళ్లు. అంత కాలం తర్వాత శాస్త్రీయ నామం చెదను, గొడుగును ఒక మాటలో కలిపింది. మన ఊళ్లలో గొర్రెలు కాసే పిల్లవాడు కూడా ఆ రెండింటినీ ఒకే మాటలో కలిపి అనేవాడు.

అలాగని మనవాళ్లకు అంతా ముందే తెలుసు అని రాసేయకండి. ఇది మన విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు. పుట్టగొడుగు అన్న పేరు చెప్పేది చోటు గురించే. పుట్ట మీద మొలుస్తుందన్నది గమనిక. చెదలే దాన్ని సాగు చేస్తాయన్నది వివరణ. గమనికకూ వివరణకూ మధ్య కోనిగ్ తవ్వకం నుంచి సూక్ష్మదర్శిని వరకు చాలా పని ఉంది. పేరు ఆ పని చేయలేదు. కానీ ఆ పనిని ఎక్కడ మొదలుపెట్టాలో పేరు చూపించింది. లండన్ దాకా ఆ సూచన చేరలేదు.

ఒకటి ఎందుకు ఎక్కింది, ఒకటి ఎందుకు ఎక్కలేదు

తేలిగ్గా దొరికే జవాబు ఒకటుంది: కంపెనీకి మొక్కలు కావాలి, పుట్టగొడుగులు అక్కర్లేదు. ఇందులో కొంత నిజం ఉంది. కానీ కారల్లం వల్ల కంపెనీకి ఏం లాభం వచ్చింది? రంగు లేదు, కలప లేదు, నూలు లేదు. లాభం ఒక్కటే కారణమైతే ఇది కూడా గుట్ట మీదే ఉండిపోవాలి.

నాకు బలంగా కనిపించే కారణం నమోదు చేసే పద్ధతిలో ఉంది. వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కను కాగితాల మధ్య పెట్టి, నొక్కి, ఎండబెట్టి దాచుకుంటాడు. ఆ ఎండిన మొక్క ఓడ ఎక్కి లండన్ చేరుతుంది. మన రెండు జీవులూ ఈ పద్ధతికి లొంగవు. కారల్లం కాగితాల మధ్య కూడా వారాల తరబడి చావదు, నిల్వ నీటితో బతుకుతూనే ఉంటుంది. ఎండాక దాని ఆకారం పోతుంది. పుట్టగొడుగు దీనికి పూర్తిగా వ్యతిరేకం. సాయంత్రానికే మెత్తబడి, మర్నాటికి పురుగులు పడుతుంది.

అయితే కారల్లానికి రెండు అవకాశాలున్నాయి. ముక్క విరిచి కుండీలో గుచ్చితే బతుకుతుంది. చిత్రకారుడు తీరిగ్గా ముందు కూర్చుని బొమ్మ వేసుకోవచ్చు, పూత కోసం ఎదురుచూడవచ్చు. సామర్లకోటలో తోట, చిత్రకారులు, తెలుగు మాట చెప్పగల మనుషులు ఒకే చోట ఉన్నారు. పుట్టగొడుగుకు ఈ సౌకర్యం లేదు. దాన్ని కుండీలో పెట్టలేరు. పుట్టను, అందులోని చెదలను తోటలోకి తేలేరు. నేటికీ చెదలు లేకుండా దీన్ని వ్యాపార స్థాయిలో సాగు చేయడం సాధ్యపడలేదు. కాబట్టి నమూనా చేరితే ముక్కగా చేరేది, పుట్ట నుంచి విడిపడి. బర్క్‌లీకి వేరు కనిపించి పుట్ట కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇంకో కారణం రాజకీయమైనది. రాక్స్‌బర్గ్ పుస్తకం పేరులోనే తీరం ఉంది. ఉత్తర సర్కారులు అప్పటికే కంపెనీ చేతిలో ఉన్నాయి. చంద్రగిరి పరిస్థితి వేరు. 1782లో హైదర్ అలీ దాన్ని తీసుకున్నాడు, 1792 వరకు మైసూరు పాలనలోనే ఉంది. కర్ణాటక రాజ్యం మొత్తం కంపెనీ అధీనంలోకి వచ్చింది 1801లో. కోరమండల్ బొమ్మలు వేస్తున్న ఏళ్లలో ఈ గుట్టలు యుద్ధభూమి అంచున ఉన్నాయి. అందువల్ల ఇక్కడి మొక్కను ఇక్కడ కాక గోదావరి దగ్గర నమోదు చేశారు. పేరు తెలుగుదే కాబట్టి సరిపోయింది, అది వేరే సంగతి. కానీ చంద్రగిరిలో దీన్ని ఏమనేవారో, ఎలా తినేవారో ఆ పుటలో ఉండదు.

మరొకటి గమనించండి. రాక్స్‌బర్గ్‌కు 'కారల్లం' అన్న మాట చెప్పినవారెవరు? తోటమాలా, మందుల మూలికలు తెచ్చే మనిషా, ఆడవాళ్లా, మగవాళ్లా? పుస్తకంలో వారికి పేరు లేదు. బొమ్మలు వేసినవారి సంతకాలూ లేవు. ప్రజాతి పేరు పక్కన మాత్రం ఈ రోజుకీ బ్రౌన్ పేరు రాస్తారు. మాట మిగిలింది, మాట చెప్పినవారు మిగల్లేదు. వలస కాలపు శాస్త్ర గ్రంథాలు చదివేటప్పుడు ఈ ఖాళీని గుర్తించడం మీకు అలవాటు కావాలి.

20వ శతాబ్దంలో పరిస్థితి కొంత మారింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం నుంచి గ్రేవ్లీ, మయూరనాథన్ 1931లో భారతదేశపు కారల్లుమా జాతుల మీద ఒక ప్రత్యేక సంచిక తెచ్చారు. రచయితల్లో భారతీయుడి పేరు అట్ట మీదికి వచ్చింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక స్థానిక సర్వేలు పెరిగాయి. మాధవ శెట్టి, శివాజీ, తులసీరావు కలిసి 2008లో ప్రచురించిన చిత్తూరు జిల్లా మొక్కల గ్రంథం ఈ ప్రాంతం మీద పనిచేసేవారందరూ చూసే పుస్తకం. దాని పేరు మాత్రం ఒకసారి చదవండి: చిత్తూరు జిల్లా పుష్పించే మొక్కలు. పుష్పించనివి అందులో ఉండవు. ఇది రచయితల లోపం కాదు, శాస్త్రం గీసుకున్న గీత. కానీ ఫలితం ఒకటే: కారల్లానికి జిల్లా పుస్తకంలో చోటుంది, పుట్టగొడుగుకు లేదు.

పాత రికార్డులు వెతికేవారికి చిన్న సూచన. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1881 నాటి కాక్స్ మాన్యువల్ ఆ జిల్లా పేరుతోనే ఉంటుంది. 2022 నుంచి చంద్రగిరి తిరుపతి జిల్లాలోనిది. గ్రంథాలయంలో మూడు పేర్లతోనూ వెతకాలి.

పేరుకు ఇప్పుడున్న విలువ

ఇదంతా పాతకథ కదా అనుకోవద్దు. కారల్లం కాండాన్ని పచ్చిగా తినడం, కూర వండటం, పచ్చడి పెట్టడం దక్షిణ భారతంలో పాత అలవాటు. కరువు రోజుల తిండి అని కూడా దీనికి పేరుంది. తింటే ఆకలి మందగిస్తుందని పల్లెల్లో చెప్పేవారు. 2007లో బెంగళూరు పరిశోధకులు దీని దగ్గరి చుట్టమైన మరో కారల్లుమా సారాన్ని 50 మంది పెద్దలకు 60 రోజులు ఇచ్చి చూసి, ఫలితాలు ప్రచురించారు. ఆకలి, నడుము చుట్టుకొలత తగ్గినట్టు తేలింది. బరువులో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మార్కెట్‌కు మొదటి సగం చాలు. బరువు తగ్గించే మాత్రల డబ్బాల మీద కారల్లుమా పేరు ప్రపంచమంతా తిరుగుతోంది. ఆకలి చావడానికి తిన్న మొక్కను, ఆకలి ఎక్కువైనవారు కొంటున్నారు.

ఇక్కడ పేరు చట్టంలోకి వస్తుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం, స్థానిక జ్ఞానాన్ని వాడుకుని లాభం పొందేవారు ఆ లాభంలో వాటా ఇవ్వాలి. ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది స్థానికులతో మాట్లాడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. 2023 సవరణ గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానం వాడేవారికి కొన్ని మినహాయింపులిచ్చింది. అంటే ఏది పుస్తకంలో ఉంది, ఏది నోటిమాటగా ఉంది అన్న తేడాకు ఇప్పుడు డబ్బు విలువ కూడా ఉంది. చరిత్ర విద్యార్థి రోజూ చేసే పని ఆ తేడాను పట్టుకోవడమే.

పుట్టగొడుగుకు ఉన్న ప్రమాదం వేరు. దాన్ని ఎవరూ మాత్రల్లో పెట్టలేదు. దానికి కావలసింది పుట్ట. నాగులచవితికి పాలు పోసే పుట్టలను జనం తవ్వరు. శ్రీనివాసుడు పుట్టలో దాగిన కథ ఈ ప్రాంతపు స్థలపురాణంలోనే ఉంది. కానీ భక్తి అన్ని పుట్టలకూ అందదు. పొలం గట్టు మీద పుట్ట ట్రాక్టరుకు అడ్డం, ప్లాటు వేసే నేల మీద పుట్ట జేసీబీకి లెక్కే కాదు. పుట్ట పోతే లోపలి గూళ్లు పోతాయి, గొడుగు పోతుంది. గుట్ట మీద మిగిలిన ఒక్క ముక్క నుంచి కారల్లం మళ్లీ మొలవగలదు. పుట్టగొడుగు ఒంటరిగా మొలవలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 'పుట్టగొడుగు అన్న పేరు చోటును చెబుతుంది, కారణాన్ని చెప్పదు.' ఈ వాక్యాన్ని టెర్మిటోమైసిస్ పేరుతో పోలుస్తూ చర్చించండి.

క్షేత్ర అభ్యాసం

మీ ఊళ్లో లేదా దగ్గరి పల్లెలో అరవై ఏళ్లు దాటిన ఇద్దరితో మాట్లాడండి. కనీసం ఒకరు గొర్రెలు కాసినవారో, అడవికి కట్టెలకు పోయినవారో అయితే మంచిది. గుట్ట మీద ఆకులు లేకుండా నాలుగు పలకలుగా నిలబడే మొక్కను ఏమంటారో అడగండి. వానలకు పుట్టల మీద వచ్చే వాటిని ఏమంటారో, ఏ కార్తెలో వస్తాయో, తినేవాటిని తినకూడని వాటి నుంచి ఎలా వేరు చేసేవారో అడగండి. మీరు మాత్రం గుర్తు తెలియని పుట్టగొడుగును రుచి చూడవద్దు, పేరు ఒకటే అయినా ఊరు మారితే జీవి మారవచ్చు.

వారు పలికిన మాటను పలికినట్టే తెలుగు లిపిలో రాయండి, పుస్తకంలో ఉన్న పేరుకు సరిచేయకండి. పక్కన ఊరు, తేదీ, వారి వృత్తి రాయండి. పేరు రాయవచ్చా అని అడిగి, ఒప్పుకుంటే అదీ రాయండి. వారు గమనించినది ఒక వరుసలో, దానికి వారు చెప్పిన కారణం వేరే వరుసలో ఉండాలి. రెండు పేజీలు మించకుండా రాసి, తరువాతి తరగతికి వచ్చేటప్పుడు మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సిలర్‌కు చూపించండి.